మీ పట్టణంలో నిరాశ్రయుల వసతి గృహం తెప్పించడం ఎలా?

చలికాలం రాగానే రోడ్డు పక్కన పడుకునేవాళ్లకు దుప్పట్లు పంచే మంచి మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అది అవసరమే. కానీ పగలు ఆ దుప్పటి దాచుకునే చోటే లేని మనిషి దగ్గర అది నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ మనిషికి కావలసింది చోటు. అది చూపించాల్సింది మునిసిపాలిటీ, అందుకు ఖర్చు పెట్టాల్సింది సర్కారు. వార్డు కౌన్సిలర్లు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పట్టణ సమాఖ్యల మహిళలు, రాత్రిపూట అన్నం పొట్లాలు పంచే సంఘాలవాళ్లు ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ చెడుతుందో తెలుసుకుంటే సాధించడం కష్టం కాదు.

ముందు మీ చేతిలో ఉన్న ఆధారాలు తెలుసుకోండి. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు పట్టణ జనాభాలో ప్రతి లక్షకు 100 మందికి సరిపడా వసతి ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఇదే కొలతను తన మార్గదర్శకాల్లో పెట్టింది. ఒక్కో గృహంలో 50 నుంచి 100 మంది, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు. నిధులు విడుదలైనా రాష్ట్రాల్లో ఖర్చు కాకుండా పడి ఉన్నాయని తేలడంతో 2016 నవంబరులో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాష్ గంభీర్ అధ్యక్షతన కమిటీని కూడా వేసింది. ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. కాబట్టి ఇప్పుడు డబ్బు ఏ పద్దు కింద వస్తుందో మొదటి రోజే మెప్మా ప్రాజెక్టు డైరెక్టర్ కార్యాలయంలో అడగండి. కొలతల విషయంలో మాత్రం ఆ మార్గదర్శకాలనే పట్టుకోండి. అధికారులకు అలవాటైన భాష అది.

లెక్క: అన్నిటికంటే ముందు, అన్నిటికంటే జాగ్రత్తగా

"మన ఊళ్లో అలాంటివాళ్లు ఎక్కడున్నారండీ?" మునిసిపల్ ఆఫీసులో మీకు మొదట ఎదురయ్యే మాట ఇదే. దీనికి జవాబు మీరు చేసిన లెక్కే. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది ఇల్లు లేనివాళ్లు తేలారు. వాళ్లలో 9.3 లక్షల మందికి పైగా పట్టణాల్లోనే ఉన్నారు. అది ఆ ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కపూట తీసిన లెక్క. ఆ రాత్రి కంటపడనివాళ్లు అందులో లేరు.

ముగ్గురేసి బృందాలు వేసుకోండి, ప్రతి బృందంలో ఒక మహిళ తప్పనిసరి. తిరగాల్సిన వేళ రాత్రి పదకొండున్నర నుంచి నాలుగు దాకా. రైల్వే స్టేషన్ ముందు, ఆర్టీసీ బస్టాండు, పెద్దాసుపత్రి ఆవరణ, గూడ్స్ షెడ్డు, మార్కెట్ యార్డు, రైతు బజారు, కూలీల అడ్డా, గుళ్ల అరుగులు, ఫ్లైఓవర్ల కింద, మూసిన దుకాణాల మెట్లు చూడాలి. ఊరిని ముందే పటం మీద విడగొట్టి, ఏ బృందం ఏ వీధులు తిరగాలో రాసివ్వండి. లేకపోతే ఒకే చోటును ఇద్దరు లెక్కపెడతారు, రెండు వీధులు ఎవరికీ దక్కవు.

నిద్రపోతున్నవాళ్లను లేపకండి, ముఖాలకు ఫొటోలు తీయకండి, పోలీసులను వెంట తీసుకెళ్లకండి. పోలీసు కనిపిస్తే సగం మంది లేచి వెళ్లిపోతారు, మర్నాడు రాత్రి ఇంకెక్కడో పడుకుంటారు. రాత్రి తిరిగేటప్పుడు రాసుకోవాల్సింది చోటు, ఆడా మగా, సుమారు వయసు, ఒంటరా కుటుంబమా, కంటికి కనిపించే వైకల్యం లేదా జబ్బు. అంతే. మాట్లాడటానికి సాయంత్రం ఏడు తర్వాత గానీ, తెల్లవారుజామున ఐదింటికి టీ బండి దగ్గర గానీ వెళ్లండి. ఏం పని చేస్తారు, రోజుకెంత వస్తుంది, ఎప్పటి నుంచి ఇక్కడ ఉంటున్నారు, వసతి ఇస్తే ఏ పరిస్థితుల్లో వస్తారు అని అడగండి. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులే తర్వాత గృహం నిండుతుందా ఖాళీగా ఉంటుందా అన్నది తేలుస్తాయి.

లెక్క తప్పే చోట్లు మూడు. జాతర, పండగ, పెళ్లిళ్ల రోజుల్లో తీస్తే ప్రయాణికులూ యాత్రికులూ కలిసిపోతారు. వాన కురిసిన రాత్రి తీస్తే ఎవరూ కనిపించరు. మూడోది అన్నిటికంటే పెద్దది: ఆడవాళ్లు లెక్కలోకి రారు. రోడ్డు మీద ఉండే ఒంటరి స్త్రీ చాలాసార్లు రాత్రంతా మేలుకుని, పగలు జనం మధ్య నిద్రపోతుంది. లేదా ఆసుపత్రి వరండాలో రోగి తాలూకు మనిషిలా కూర్చుని గడుపుతుంది. అందుకే ఆసుపత్రి ఆయాలను, బస్టాండు స్వీపర్లను, గుడి దగ్గర పూలమ్మే అమ్మలను విడిగా అడగాలి. వారం వ్యవధిలో మామూలు రోజుల్లో రెండు రాత్రులు లెక్కపెట్టి, రెండు సంఖ్యలనూ నివేదికలో పెట్టండి. పెద్దదాన్నే చూపితే ఎవరో ఒకరు తప్పుపడతారు, ఫైలు అక్కడే ఆగుతుంది.

స్థలం

గృహం ఖాళీగా ఉండిపోవడానికి మొదటి కారణం దూరం. స్టేషన్ దగ్గర హమాలీ పని చేసే మనిషి తెల్లవారుజామున మూడింటికి వచ్చే లారీ కోసం అక్కడే ఉండాలి. ఊరి చివర, డంపింగ్ యార్డు పక్కన ఖాళీ జాగా ఉందని అక్కడ కడితే అతను ఆటోకి ఇచ్చుకుని రాడు. జనం పడుకునే చోటు నుంచి పది, పదిహేను నిమిషాల నడకకు మించి ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి. ఎంత మంచి భవనమైనా దూరంగా ఉంటే దానికి పెట్టిన డబ్బు దండగే.

కొత్తగా కట్టించడం కంటే ఉన్నదాన్ని బాగుచేయించడం త్వరగా అవుతుంది. పిల్లలు లేక మూతపడ్డ మునిసిపల్ బడి, వాడుకలో లేని కమ్యూనిటీ హాలు, పాత ఆఫీసు భవనం, మార్కెట్ మీద అంతస్తు చూడండి. 50 మందికి అన్నీ కలిపి 2,500 చదరపు అడుగులు కావాలి. భవనం గట్టిదేనని మునిసిపల్ ఇంజినీరు సంతకంతో కాగితం తీసుకోండి. ఆసుపత్రి ఆవరణలో రోగుల వెంట వచ్చినవాళ్ల కోసం కట్టే షెడ్డును నిరాశ్రయుల గృహంగా చూపించే ప్రయత్నం జరగవచ్చు. రెండూ అవసరమే, కానీ ఒకటి రెండోదానికి బదులు కాదు.

ఆడవాళ్లకూ పిల్లలకూ వేరే భవనం కావాలి. మగవాళ్ల గృహం మీద అంతస్తు ఇస్తే ఒకే మెట్లు, ఒకే గేటు అవుతాయి. భయపడి ఎవరూ రారు.

అర్జీ నుంచి తీర్మానం దాకా

కమిషనర్‌కు అర్జీ ఇచ్చేటప్పుడు లెక్క నివేదిక, స్థలాల పటం, ప్రతిపాదించే భవనం సర్వే నంబరు, అంచనా ఖర్చు జతచేయండి. రసీదు మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. అది లేని అర్జీ ఇవ్వనట్టే. ఒక ప్రతి మెప్మాకు ఇవ్వండి. హైదరాబాద్‌లో అయితే జీహెచ్‌ఎంసీ యూసీడీ (పట్టణ సమాజాభివృద్ధి) విభాగానికి.

దానితో పాటు సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. పట్టణానికి ఇప్పటిదాకా మంజూరైన గృహాలు ఎన్ని, వాటి చిరునామాలు, ఏటా విడుదలైన నిధులు, ఖర్చు, గత 12 నెలల హాజరు పట్టిక నకలు అడగండి. కాగితం మీద ఉండి తాళం వేసిన గృహాలు ఇక్కడే బయటపడతాయి. తాళం తీయించడం కొత్తది మంజూరు చేయించడం కంటే తేలిక.

2.6 లక్షల జనాభా ఉన్న పట్టణమైతే కనీసం 260 మందికి చోటు ఉండాలి. అంటే 50 మందివి ఆరు, లేదా 100 మందివి మూడు. ఒకేసారి అన్నీ అడగండి, కానీ ఏది ముందు కావాలో వరుస రాయండి. మా దృష్టిలో ఆడవాళ్ల గృహం మొదట ఉండాలి.

విషయం కౌన్సిల్ అజెండాలోకి రావాలి. పాలకవర్గం లేని చోట స్పెషల్ ఆఫీసరు ఉత్తర్వు కావాలి. తీర్మానం మాటల్లో ఈ నాలుగూ ఉండేలా చూడండి: భవనం పేరూ సర్వే నంబరూ; కరెంటు, నీళ్లు, పారిశుద్ధ్యం, మరమ్మతుల ఖర్చు మునిసిపల్ సాధారణ నిధి నుంచి భరిస్తారని; నిర్వహణ సంస్థకు డబ్బు మూడు నెలలకోసారి ముందుగా ఇస్తారని; రాష్ట్ర స్థాయి మంజూరు కమిటీకి ప్రతిపాదన ఏ తేదీలోగా పంపుతారన్నది. "తగు చర్యలు తీసుకొనుటకు తీర్మానించడమైనది" అని ముగిసే తీర్మానంతో ఏ పనీ జరగదు.

డబ్బు

మిషన్ మార్గదర్శకాల్లో 50 మంది గృహం నిర్వహణకు ఏడాదికి 6 లక్షల రూపాయలు పెట్టారు. అంటే నెలకు 50,000. అందులోనే ఒక మేనేజరు, ఎనిమిది గంటల షిఫ్టుల్లో ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలి. ఉదాహరణకు మేనేజరుకు 15,000, కేర్‌టేకర్లకు 12,000 చొప్పున ఇచ్చినా జీతాలకే 51,000 అవుతుంది. ఇంకా దుప్పటి ఉతికించలేదు, బల్బు మార్చలేదు. పైగా వారానికి 21 షిఫ్టులు. ముగ్గురు ఆరేసి రోజులు చేస్తే 18. మిగిలిన మూడు షిఫ్టులకు నాలుగో మనిషి కావాలి. అతన్ని లెక్కలో పెట్టని చోట, వారంలో మూడు షిఫ్టులు గృహం ఎవరూ లేకుండా నడుస్తుంది, లేదా ఒకే మనిషి 16 గంటలు కూర్చుంటాడు. ఎంతో ఆశతో మొదలైన గృహాలు చతికిలపడేది ఈ లెక్క దగ్గరే.

అందుకే ఖర్చును విడగొట్టండి. మిషన్ తరహా నిధి జీతాలకు. కరెంటు మీటరు కమిషనర్ పేరు మీద ఉండాలి, బిల్లు నేరుగా మునిసిపాలిటీకి వెళ్లాలి. నలుగురికి ఒకటి చొప్పున 13 ఫ్యాన్లు రోజుకు 14 గంటలు తిరిగితే, మామూలు 75 వాట్ల ఫ్యాన్లకు నెలకు 410 యూనిట్ల దాకా, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లకు 165 యూనిట్ల దాకా కాలుతుంది. మొదటే రెండో రకం పెట్టించండి. మంచాలు, లాకర్లు, నీటి ట్యాంకులు, సోలార్ హీటర్ లాంటి ఒకసారి కొనేవాటికి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అడగవచ్చు. మీ చుట్టుపక్కల ఏడాదికి 5 కోట్లకు పైగా నికర లాభం ఉన్న ఫ్యాక్టరీ ఉంటే, చట్టం ప్రకారం సగటు లాభంలో 2 శాతం అలాంటి పనులకు పెట్టాల్సిందే. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. అవి కట్టడాలకు పనికొస్తాయి గానీ జీతాలకు వాడటానికి వీల్లేదు.

తిండికి గృహంలోనే పెద్ద వంటశాల పెట్టి నడపాలని చూడకండి. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లో పూటకు 5 రూపాయలకు భోజనం దొరుకుతుంది, హైదరాబాద్‌లోనూ 5 రూపాయల భోజన కేంద్రాలు ఉన్నాయి. గృహానికి దగ్గరలో క్యాంటీన్ ఉందా, ఏ వేళల్లో ఉంటుంది, సెలవు ఏ రోజు అన్నది చూసుకుని, లోటున్న పూటకే దాతలను అడగండి. కుటుంబాలు సొంతంగా వండుకోవడానికి గ్యాస్ పొయ్యి ఉన్న చిన్న వంటగది మాత్రం ఉండాలి. పసిపిల్లల తల్లికి క్యాంటీన్ వేళలు కుదరవు.

డబ్బు ఆలస్యంగా రావడం మామూలే. ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ ధ్రువపత్రం పంపనిదే తర్వాతి విడత రాదు, మునిసిపల్ అకౌంట్స్ విభాగం దాన్ని మార్చి నెలాఖరుకు గానీ తయారు చేయదు. ప్రతి మూడు నెలలకూ బిల్లులు, హాజరు పట్టిక, జీతాల చెల్లింపు రుజువులు ఒకే కట్టగా ఇచ్చి, ధ్రువపత్రం మీ కళ్ల ముందు పంపించుకోండి.

లోపల ఏముండాలి

మంచాలు ఇనుపవి కావాలి. చెక్క మంచం సందుల్లో నల్లులు చేరితే ఇక వదలవు. పరుపులకు రెక్సిన్ తొడుగు వేయించండి. 50 మందికి 100 దుప్పట్లు, 75 కంబళ్లు ఉంటేనే ఉతుకులో కొన్ని ఉన్నా పడక ఖాళీగా ఉండదు. ముసలివాళ్లు, కాలు లేనివాళ్లు కింది అంతస్తులో ఉండాలి. రెండంతస్తుల మంచాలు వాళ్లకు వద్దు.

పది మందికి ఒక మరుగుదొడ్డి, ఒక స్నానాల గది లెక్కన ఐదేసి. అందరూ ఉదయం ఐదు నుంచి ఏడు మధ్యే స్నానానికి వస్తారు కాబట్టి దీనికంటే తగ్గిస్తే రోజూ గొడవలే. మనిషికి 90 లీటర్లు వేసుకున్నా రోజుకు 4,500 లీటర్ల నీళ్లు. 5,000 లీటర్ల సంపు, పైన 2,000 లీటర్లవి రెండు ట్యాంకులు పెట్టండి.

ప్రతి ఒక్కరికీ లాకర్ ఇవ్వండి, తాళం వాళ్లదే. తోపుడు బండి, రిక్షా, చిత్తు కాగితాల మూట పెట్టుకోవడానికి ఆవరణలో గేటు ఉన్న చోటు కావాలి. బండికి కాపలా లేదనే చాలామంది దాని పక్కనే రోడ్డు మీద పడుకుంటారు. ఆరు కిలోల అగ్నిమాపక సిలిండర్లు రెండు, ప్రథమ చికిత్స పెట్టె, కిటికీలకు దోమతెరలు మర్చిపోకండి.

రోజువారీ నడక

మెప్మా పట్టణ సమాఖ్య గానీ, అనుభవమున్న స్వచ్ఛంద సంస్థ గానీ నడపవచ్చు. వాళ్ల మీద నిర్వహణ కమిటీ ఉండాలి. కమిటీలో గృహంలో ఉండేవాళ్లు ఎన్నుకున్న ఇద్దరు నివాసులు, కౌన్సిలరు, పట్టణ ఆరోగ్య కేంద్రం నర్సు, మెప్మా ప్రతినిధి ఉండాలి.

ఆధార్ లేదని ఎవరినీ గేటు దగ్గర ఆపకూడదు. రిజిస్టర్లో వాళ్లు చెప్పిన పేరు రాసుకుంటే చాలు. రాత్రి తొమ్మిదికి గేటు మూసే నియమం పెడితే సినిమా హాలు దగ్గర బఠాణీలమ్మే మనిషి బయటే ఉండిపోతాడు. తాగొచ్చినవాళ్ల విషయం కష్టమైనదే. లోపల తాగడం పూర్తిగా నిషేధించండి, కానీ తాగి వచ్చాడని చలిలోకి తిప్పి పంపకండి. తలుపు దగ్గర విడిగా నాలుగు పడకలు పెట్టి అక్కడ పడుకోనివ్వండి.

తనిఖీ మధ్యాహ్నం వస్తే మంచాలన్నీ ఖాళీగా కనిపిస్తాయి, రిజిస్టర్లో 50 సంతకాలు ఉంటాయి. రెండూ నిజం కావచ్చు, రెండూ అబద్ధం కావచ్చు. కమిటీ సభ్యులు నెలకోసారి చెప్పకుండా రాత్రి రెండింటికి వెళ్లి తలలు లెక్కపెట్టాలి.

గజ్జి ఒక్కరికి కనిపిస్తే డాక్టరు చెప్పిన మందు అందరికీ ఒకే రోజు పూయించి, ఆ రోజే బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతికించాలి. ఒక్కరికే వైద్యం చేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే టీబీ పరీక్ష. మతి స్థిమితం లేక తిరిగే మనిషి కనిపిస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం ఆ మనిషిని 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చే బాధ్యత పోలీసులది. సలహాకు టెలి మానస్ 14416, వృద్ధుల సహాయానికి 14567, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఈ నంబర్లు గోడ మీద పెద్దక్షరాల్లో రాయించండి.

గుర్తింపు, పింఛను, ఓటు

గృహం తెరిచిన మొదటి నెలలోనే కమిషనర్ నుంచి గుర్తింపు లేఖ తీసుకోండి. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం అధిపతి ఇచ్చే ధ్రువపత్రం ఆధార్ నమోదుకు చెల్లుతుంది. ఆ లేఖ లేకపోతే ఆధార్ కేంద్రంలో తిప్పి పంపేస్తారు.

ఓటుకు ఫారం 6 పెట్టండి. ఇల్లు లేని మనిషి చిరునామా రుజువు చూపించనక్కర్లేదు. బూత్ స్థాయి అధికారి ఒకటి కంటే ఎక్కువ రాత్రులు వచ్చి ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూస్తే చాలు. బ్యాంకులో పత్రాలు లేకుండా 'చిన్న ఖాతా' తెరవవచ్చు: నిల్వ 50,000 దాటకూడదు, నెలకు తీసేది 10,000 దాటకూడదు. ఆధార్ రాగానే దాన్ని మామూలు ఖాతాగా మార్పించండి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. రోడ్డు మీద ఉన్న ముసలమ్మకు ఆ ఒక్కటి వస్తే బతుకే మారుతుంది. వేరే జిల్లాలో రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఇక్కడి చౌక దుకాణంలోనూ బియ్యం తీసుకోవచ్చు.

గృహం నుంచి గదికి

వసతి గృహం ఇల్లు కాదు. అక్కడ పదేళ్లు ఎవరూ ఉండకూడదు. కానీ ఇళ్ల పథకాల్లో చాలావరకు స్థలం ఉన్నవాళ్లకే. 2024 సెప్టెంబరు 1న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకు కేంద్రం 1.5 లక్షలు ఇస్తుంది. ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. స్థలం లేనివాళ్లు ముందు పట్టాకు అర్జీ పెట్టాలి. ఆంధ్రప్రదేశ్ 2025లో పట్టణాల్లో 2 సెంట్లు ఇస్తామని నిర్ణయించింది. పిల్లలున్న కుటుంబాలకు, ఒంటరి స్త్రీలకు ఈ దారి పట్టించండి. వార్డు సచివాలయంలో దరఖాస్తు నంబరు తీసుకుని రిజిస్టర్లో రాసిపెట్టండి.

ఒంటరి కూలీలకు కావలసింది అద్దె గది. అదే పథకంలో అద్దె ఇళ్ల విభాగం ఉంది. సర్కారు డబ్బుతో కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లను తక్కువ అద్దెకు ఇవ్వడానికి అందులో వీలుంది. మీ పట్టణంలో అలా తాళం వేసి ఉన్న ఫ్లాట్లు ఎన్నో లెక్కతీసి, వాటిని అద్దెకు మార్చమని కౌన్సిల్‌ను అడగండి. ఇక్కడా దూరం చూసుకోవాలి. హైదరాబాద్ శివార్లలో కొల్లూరులో 15,660 ఇళ్లు ఒకేచోట కట్టారు. కట్టడం ఎంత బాగున్నా, పని నగరం మధ్యలో ఉన్నవాళ్లకు బస్సు చార్జీలే భారం.

గది తీసుకోవడానికి అడ్డు నెల అద్దె కాదు, అడ్వాన్సు. నెలకు 10,000 సంపాదించే హమాలీ 3,000 అద్దె కట్టగలడు, ఒకేసారి 9,000 తేలేడు. మార్గదర్శకాల ప్రకారం గృహంలో ఉండేవాళ్ల దగ్గర ఆదాయంలో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు దాకా తీసుకోవచ్చు. ఇవ్వలేనివాళ్లను మాత్రం పంపేయకూడదు. నిర్వహణ కమిటీ తీర్మానం చేసి ఆ సొమ్మును ఎవరిది వారి పేరు మీద జమ చేయండి. నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000. వెళ్లేటప్పుడు దాన్నే అడ్వాన్సుగా తిరిగివ్వండి.

వెళ్లినవాళ్ల పడక నెల రోజులు వేరేవాళ్లకు శాశ్వతంగా ఇవ్వకండి. మొదటి నెలలో పని తగ్గినా, జబ్బు చేసినా మళ్లీ రోడ్డు మీదికి వెళ్లకుండా ఇక్కడికే రాగలగాలి. గది మారిన వారంలోపే బ్యాంకు, పింఛను, ఓటరు జాబితాల్లో చిరునామా మార్పించండి. పాత చిరునామాలో మనిషి కనిపించలేదని తనిఖీలో రాస్తే పింఛను ఆగిపోతుంది, మళ్లీ తెప్పించడానికి నెలలు పడుతుంది.